పిలిస్తే పలకని బాతు

పదిహేడోసారి నొక్కినా బాతు పలకలేదు.

బాతంటే ఈకలున్నది కాదు. 2041లో కొల్లేటి పక్కన రొయ్యల చెరువుల మీద పరీక్షకి దింపిన యంత్రం. తనంతట తనే నీళ్లలో ఈదుతూ ఆక్సిజన్ ఎంతుందో పసిగడుతుంది. యజమాని సరేనంటే ఏరియేటర్లు తిప్పి నీళ్లలోకి గాలి కలుపుతుంది. దాన్ని కనిపెట్టిన డాక్టర్ వీరభద్రశర్మ చెరువు గట్టు మీద మకాం షెడ్డులో మూడేళ్లుగా ఉంటున్నాడు. హైదరాబాదులో ఉన్న భార్యకి మాత్రం అక్కడ సిగ్నల్ ఉండదని చెప్పాడు. సిమ్ కార్డుతో నడిచే యంత్రాన్ని అక్కడే కూర్చుని తయారు చేస్తున్న మనిషి ఆ మాట ఎలా చెప్పాడో ఆయనకే తెలియాలి.

ఇప్పుడాయన చెరువుకి నాలుగు కిలోమీటర్ల దూరంలో, దాని యజమాని రంగరాజు ఇంటి అరుగు మీద కూర్చుని ఫోన్లోంచి ఆజ్ఞలు పంపుతున్నాడు. ఒక్కటీ చేరడం లేదు.

"మరేం చేస్తామండీ, నేను దగ్గరుండాల్సిందే," అన్నాడు రంగరాజు, సంతోషం దాచుకోలేక. "మబ్బు పట్టి ఆక్సిజన్ పడిపోయిందంటే రొయ్య చచ్చి తేలిపోద్ది."

ఆ ఒక్క మాట మీదే ఆయన ఇరవై రెండేళ్లు నెట్టుకొచ్చాడు. కొడైకెనాల్ చూద్దామని భార్య సుభద్రమ్మ పెళ్లయిన కొత్తలో అడిగింది, ఇప్పటికీ అడుగుతూనే ఉంది. మకాంలో నలుగురు స్నేహితులు, మూడు కట్టల పేక ఉన్నాయని ఆమెకి తెలుసు. తెలియనట్టు ఉండి ఉండి విసిగిపోయింది. ఈ బాతు పనిచేయకపోతే తను ఆ కొండ ఎక్కడం కల్ల అని ఆమెకి అర్థమైంది.

"ఎందుకు పలకదండీ డాక్టర్‌గారూ?" అంది గుమ్మంలోంచి.

"ఇంటర్నెట్‌లో అందరికీ సరిపడా అడ్రస్‌లు లేవమ్మా. అందుకని కంపెనీవాళ్లు వేల సిమ్‌లకి కలిపి ఒకే అడ్రస్ ఇచ్చారు. పెద్ద అపార్ట్‌మెంట్‌కి ఒకే గేటున్నట్టు. లోపలివాళ్లు బయటికి కబురు పంపితే, దానికొచ్చిన జవాబుని వాచ్‌మన్ వాళ్ల గుమ్మానికే చేరుస్తాడు. బయటి నుంచి ఊరికే వచ్చినవాణ్ణి మాత్రం, ఏ ఫ్లాటో తెలీదు, పొమ్మంటాడు. దీన్ని నాట్ అంటారు. నా ఆజ్ఞలన్నీ ఆ గేటు దగ్గరే ఆగిపోతున్నాయి."

"అంటే మనం పిలిస్తే పలకదు. అదే పిలిస్తే మనం చెప్పుకోవచ్చు."

"అంతేనమ్మా."

"మా ఆయనా అంతేనండి. మకాంలో ఉంటే ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తరు. ఆకలేసి క్యారియర్ ఏదని ఆయనే చేస్తారు చూడండి, అప్పుడు పట్టుకుని గ్యాస్ అయిపోయిందనీ, మోటారు కాలిందనీ అన్నీ చెప్పేస్తాను. మీ బాతుకి మాటిమాటికీ ఆకలేసేలా చెయ్యండి."

డాక్టర్ ఫోన్ పక్కన పెట్టేశాడు. మూడేళ్లుగా ఆయన వాచ్‌మన్‌తో పోట్లాడుతున్నాడు.

వారంలో బాతుని మార్చేశాడు. అర నిమిషానికోసారి తనే బయటికి కబురు పెడుతుంది: పనేమైనా ఉందా? ఉంటే జవాబులో చెప్పేయొచ్చు.

రంగరాజు మొహం వేలాడేసుకుని కొడైకెనాల్ వెళ్లాడు. అక్కడుండగా ఓ మధ్యాహ్నం ఊళ్లో మబ్బు పట్టింది. సుభద్రమ్మ సరస్సు ఒడ్డున వేరుశనగకాయలు తింటూ ఫోన్లోంచే ఏరియేటర్లు వేసింది. ఒక్క రొయ్యా తేలలేదు. ఆ సాయంత్రం పొగమంచులో నిలబడి ఆమె కాస్త ఏడ్చింది, సంతోషంగానే. రంగరాజుకీ బాగానే అనిపించింది గానీ పైకి చెప్పలేదు.

తిరిగొచ్చాక ఆమె డాక్టర్‌ని ఇంకోటి అడిగింది. ఈత రానక్కర్లేదట. కబురు పెట్టే భాగం మాత్రమే, చొక్కా జేబులో పట్టేంత, మాట వినపడేలా కావాలట. ఆయన సరదా పడి చేసిచ్చాడు.

మర్నాడు రంగరాజు ముక్కలు పంచుతుంటే జేబు అడిగింది: "పనేమైనా ఉందా?"

"ఉంది," అంది సుభద్రమ్మ గొంతు అదే జేబులోంచి. "అరకిలో ధనియాలు. గ్రైండర్ బాగుకిచ్చారు, అది తేవాలి."

అర నిమిషానికి మళ్లీ అడిగింది. నెల తిరిగేసరికి ఊళ్లో నలభై చొక్కాలు అడుగుతున్నాయి. మకాంలలో పేక ముట్టుకునే నాథుడు లేడు.

మగవాళ్లంతా కలిసి డాక్టర్ దగ్గరికొచ్చారు. "ఆ వాచ్‌మనెవరో మంచోడండి," అన్నాడు రంగరాజు. "ఎలాగోలా మళ్లీ కాపలా పెట్టించండి."

డాక్టర్ పగలబడి నవ్వాడు. "సైన్సు వెనక్కి నడవదండీ."

అప్పుడే సుభద్రమ్మ గట్టు మీద నడిచొచ్చి, చిన్న పెట్టె ఒకటి ఆయన చొక్కా జేబులో వేసింది.

"హైదరాబాదు నుంచి అమ్మగారు నాకు ఫోన్ చేశారండి. మీకు సిగ్నల్ లేదంట గదా."

ఆయన నోరు తెరిచేలోపే జేబు అడిగింది: "పనేమైనా ఉందా?"

"ఉంది," అంది అవతలి గొంతు. "మూడేళ్లది ఉంది."