వచ్చాడా, వచ్చిందా

మా అన్నయ్య పగలంతా ఫోన్లు బాగుచేసేవాడు. షాపు మూశాక ఇంట్లో ఆటలు తయారుచేసేవాడు. ఆఖరిగా చేసిన ఆటలో మంత్రాలూ, అంతరిక్ష ఓడలూ కలిసి ఉండేవి. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, ఎవరి పాత్రని వాళ్లు మాటలతో ఆడాలి. కథ నడిపేది అన్నయ్య, ఆడేది వదినా నేనూ. అందులోని వింతప్రాణులన్నీ అట్టముక్కల మీద ఉండేవి. ఏది ఏ జాతిదో తేల్చే దగ్గరే మాకు కీచులాట. ఇనుప తిమింగలం గుడ్లు పెడుతుంది, మరి అది యంత్రమా, జంతువా? "గుడ్డు పెట్టాక ఇంకా యంత్రమేంటి, బాలింత" అనేది వదిన.

ఆటలో ఒక నియమం ఉంది. ఎదురైన ప్రాణిని అందరూ "వచ్చాడు" అంటే వాడు మనిషి లెక్క. మాట్లాడతాడు, చెప్పింది వింటాడు. ఒక్కరు "వచ్చింది" అన్నా చాలు, దాని నోరు పడిపోతుంది. అన్న మాట వెనక్కి తీసుకోడానికి లేదు. ఆడవాళ్లకీ వచ్చిందనే అంటాం కదా అని వదిన తగువుకి దిగితే, మీరెలాగూ రాక్షసుల కోవే అనేవాడు అన్నయ్య. దిండుతో దెబ్బలు తినేవాడు.

చలికాలం మొదట్లో లారీ గుద్ది పోయాడు. ఆంబులెన్సు ఆగగానే మెట్ల మీద ఎవరో "బాడీ వచ్చింది" అన్నారు. పొద్దున టీ తాగి వెళ్లాడు, సాయంత్రానికి వచ్చింది. ఆ మాట నాకిప్పటికీ గుండెల్లో గుచ్చుకుంటూనే ఉంది. వదిన మాత్రం ఏడవలేదు. రోజూ రెండు కంచాలు పెట్టేది.

ఏడిస్తేనన్నా తేలికపడుతుందని, ఒక వాన సాయంత్రం వదిన ఇంటికెళ్లి అట్టముక్కలు ముందేసుకున్నాను. మిగిలిన ప్రాణుల్ని మనమే సర్దేద్దాం అన్నాను. జంతువులు, యంత్రాలు, మంత్రంతో పుట్టినవి, చచ్చి తిరిగేవి. అన్నీ అయ్యాక ఒక్కడు మిగిలాడు, బయటివాడు. ఓడ తలుపు అవతల నిలబడి, ఓడలోవాళ్లు వెనక వదిలేసి వచ్చిన మనిషి గొంతుతో పిలుస్తాడు. అన్నయ్య వాణ్ణి ఏ జాతిలోనూ పెట్టలేదు.

నేను చచ్చినవాటి వైపు జరిపాను. వదిన ఆ ముక్క వెనక్కి లాక్కుంది.

"చచ్చాడని ఎవరన్నారు? బయటున్నాడు, అంతే."

కరెంటు పోయింది. తడి గోడల వాసన... దాని వెనకే, సన్నగా, టంకం పొగ వాసన. అన్నయ్య చొక్కాల్లో ఉండే వాసన.

తలుపు చప్పుడైంది.

"వచ్చాడు" అంది వదిన, గుసగుసగా.

"చిట్టీ..."

నన్నలా పిలిచేది అన్నయ్య ఒక్కడే.

"తడిసిపోయానే. తలుపు తీయండి..."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఒక్కసారి చూడాలనిపించింది. ఫోన్ లైటు వేశాను. తలుపు కింది సందులోంచి నీళ్లు లోపలికి వస్తున్నాయి. నీళ్లలో వేళ్లు... ఒక మనిషికి ఉండాల్సినవాటికంటే ఎక్కువ.

వదిన గడియ మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాను.

"తీయకు వదినా. అది వచ్చింది."

"నాకు చలి..." అంటున్న గొంతు అక్కడే తెగిపోయింది. కాసేపు వాన చప్పుడే. తర్వాత తలుపుని కింది నుంచి ఏదో గోకడం మొదలుపెట్టింది. మెల్లగా... ఆగకుండా.

అప్పుడు ఏడ్చింది వదిన. ఇన్నాళ్లదీ కలిపి ఏడ్చింది.

"మాట్లాడుతున్నాడు కదే. నోరు లేకుండా చేశావు కదే."

తెల్లారాక గుమ్మంలో చెమ్మ తప్ప ఏమీ లేదు. మా ఇంటికి వచ్చెయ్యమని బతిమాలాను. రానంది. పనయ్యాక రోజూ నేనే వెళ్లి చూసొస్తున్నాను.

మొన్న వెళ్లేసరికి వీధి తలుపు బార్లా తీసి ఉంది. వదిన తలదువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని వంటింట్లో ఉంది. ముఖం తేటగా ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎవరైనా వచ్చారా అని అడిగాను. తల ఊపి, దగ్గరగా వేసిన పడకగది తలుపు వైపు చూసింది.

"పడుకుంది" అంది. "మెల్లగా మాట్లాడు."