పద్దెనిమిది అంగుళాల సంచి

జాన అంటే తొమ్మిది అంగుళాలు. నేను అదే చెప్పాను. తప్పు నాది కాదు. అయినా ఎమ్మిగనూరులో అందరూ నన్నే దోషిని చేశారు.

ఆ రోజు ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటలు. పెద్ద ఈరన్న టీకొట్టు ముందు బెంచీ మీద కూర్చున్నాను. టీ ఇంకా నోటి దాకా పోలేదు. పక్క గదిలోంచి నా మనవరాలు హేమావతి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆరో తరగతి. ఆ పిల్లకు నడవడం రాదు. ఎక్కడికైనా పరుగే.

“తాతా, జాన అంటే ఎన్ని అంగుళాలు?”

“తొమ్మిది.”

“నిజంగానా?”

“నలభై ఏళ్లు మగ్గం నేసినోన్ని అడిగే మాటేనా అది? తొమ్మిది.”

వచ్చినంత వేగంగా వెళ్లిపోయింది. నేను చేసింది అంతే. రెండుసార్లు ‘తొమ్మిది’ అన్నాను.

ఆ పక్క గది జ్ఞానమణి మేడమ్‌ది. ముందు అది టైపు ఇన్‌స్టిట్యూట్. 2008లో ఆమె టైపు మిషన్లు మూలకు నెట్టి, మూడు కంప్యూటర్లు, ఒక స్కానర్ పెట్టి, ‘నెట్ సెంటర్’ అని బోర్డు మార్చింది. స్పెల్లింగు తప్పు రాస్తే మాత్రం పాత రోజుల్లోలాగే స్కేలుతో బల్ల మీద కొట్టేది.

నా కోడలు శ్రీదేవి సంచులు కుట్టేది. కొడుకు నరసన్న సిమెంటు లారీ మీద ఎర్రగుంట్లకు పోయి వారానికోసారి వచ్చేవాడు. ఆమె ఊరికే కూర్చునే రకం కాదు. మా వీధిలో ఏ ఇంట్లో చూసినా దుప్పట్లు నేయగా మిగిలిన ముక్కలుంటాయి. వాటిని తెచ్చి, చారలు ఒకచోట అడ్డంగా, ఒకచోట నిలువుగా వచ్చేట్టు జతచేసి కుట్టేది. గుండీకి బదులు విరిగిన కండె ముక్క పెట్టేది. కండె అంటే మగ్గంలో నూలు చుట్టే చిన్న పుల్ల. ఆ ఆలోచన ఆమెదే. బాగుందని నేనెప్పుడూ అనలేదు. బాగుంది.

“ఇవి ఈడ సంతలో ఎవరు కొంటారు శ్రీదేవీ? చేతిపనులు అమ్మే సైటు ఉండాది. అందులో పెడదాం. బెంగుళూరోళ్లు ఎగబడి కొంటారు” అని జ్ఞానమణి మేడమ్ చెప్పింది.

ఆ ఆదివారం శ్రీదేవి ఒక సంచి ఇచ్చి హేమావతిని పంపింది. ఫొటో తీశారు. పేరు రాశారు. తర్వాత కంప్యూటరు ‘కొలత ఎంత?’ అని అడిగింది. ఆ గడి నింపకపోతే ముందుకు పోనంది.

మేడమ్ అప్పుడు వేరే పిల్లల హాల్‌టికెట్లు ప్రింటు తీస్తోంది. “ఇంటికి పోయి టేపుతో కొలుచుకోని రాపో” అంది.

ఇల్లు రెండు వీధుల అవతల. మామూలు రోజుల్లో అన్నిటికీ పరుగెత్తే పిల్లకు ఆ రోజే కాళ్లు బరువయ్యాయి. సంచి మీద చెయ్యి పరిచి జానలు లెక్కపెట్టింది. పొడవు రెండు జానలు. ఎత్తు జానన్నర. తర్వాత నా దగ్గరికొచ్చి ఆ ప్రశ్న అడిగింది. వెనక్కి పోయి పద్దెనిమిది, పదమూడున్నర అని కొట్టింది.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

పది రోజులకు బెంగుళూరు నుంచి ఆర్డరు వచ్చింది. ఒకటి రెండు కాదు, పన్నెండు. హిమబిందు అనే ఆమె ఏదో ఆఫీసులో పనిచేస్తుందట. వాళ్ల మీటింగుకు వచ్చే అతిథులకు ఇవ్వడానికి లాప్‌టాప్ సంచులు కావాలంది.

మా ఇంట్లో ఎవరూ లాప్‌టాప్ చూడలేదు.

“అంటే ఏమి?” అని శ్రీదేవి అడిగింది.

“ఒళ్లో పెట్టుకునే కంప్యూటరు మా. పుస్తకం మాదిరి మడుస్తారు” అని హేమావతి చెప్పింది.

“దానికి సంచి ఎందుకు, ఒళ్లోనే ఉంటుంది గదా” అన్నాను నేను.

శ్రీదేవి వారం రోజులు మిషన్ దిగలేదు. పన్నెండు సంచులు, మొదటిదాని కొలతకు ఒక్క పోగు తేడా లేకుండా కుట్టింది. కర్నూలు పోయే కొరియరుకు ఇచ్చి, ఆ రోజు చక్కెర పొంగలి చేసింది.

ఐదో రోజు మెయిల్ వచ్చింది. హేమావతి దాన్ని కాగితం మీద రాసుకొచ్చి వాకిట్లో నిలబడి చదివింది. చదువుతూంటే గొంతు చిన్నదైపోయింది.

“మీరు పద్దెనిమిది అంగుళాలని రాశారు. వచ్చింది పదమూడు. లాప్‌టాప్ తల దూరింది, ఒళ్లు దూరలేదు. ఇరవై ఎనిమిదో తేదీలోపు సరైన సంచులు రాకపోతే, మీ కొట్టులో కొలతలు అబద్ధమని సైటులో రాస్తాం.”

శ్రీదేవి ముఖం పాలిపోయింది. “అట్ల రాస్తే ఇంక మన సంచి ఎవరు ముట్టుకుంటారు? మొదటి ఆర్డరే ఇట్లయితే కొట్టు మూసుకోవాల్సిందే. పద్దెనిమిదని ఎవరు రాసినారు హేమా?”

హేమావతి కాగితం వైపే చూసింది. “తాతనే... తాత చెప్పినాడు మా. జాన అంటే తొమ్మిదని.”

చూశారా. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. కలిపితే మాత్రం అంతా అబద్ధమే.

“నేను సంచి ముట్టుకోను కూడా లేదు” అన్నాను.

సరిగ్గా అప్పుడే పెద్ద ఈరన్న పాల కోసం మా వీధిలోకి వచ్చాడు. గోడ మీంచి తల పెట్టి, “లేదమ్మా, నేను విన్నా. తొమ్మిదన్నాడు. గట్టిగా అన్నాడు గూడా” అన్నాడు. పిలవని సాక్షి.

“తొమ్మిదే గదప్పా!” అని అరిచాను.

“యాడ, నీ జాన చూపీ మామా” అని శ్రీదేవి టేపు తెచ్చింది.

ధీమాగా చెయ్యి పరిచాను. బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా. నా చిటికెన వేలు ముడుచుకుపోయి ఎన్నాళ్లయిందో నాకే గుర్తులేదు. ఎంత లాగినా సాగలేదు. టేపు ఎనిమిదిన్నర చూపింది.

“చూసినారా, తగ్గింది!” అన్నాడు ఈరన్న.

“రెండు జానలు పదమూడైతే జాన ఆరున్నర. ఎనిమిదిన్నరకూ ఆరున్నరకూ తేడా లేదా?” అన్నాను. ఎవరూ లెక్క చూడలేదు. తగ్గింది, అంతే. శ్రీదేవి “పోనీలే మామా, వయసైంది, మరిచిపోయింటావు” అంది. ఆ జాలి మాట తిట్టుకంటే ఎక్కువ కాలింది.

నా పక్షాన మాట్లాడే మనిషి, నా పెళ్లాం, పోయి ఆరేళ్లయింది. నేనూ మాట్లాడలేదు.

హేమావతితో అసలే మాట్లాడలేదు. “తాతా, అన్నానికి రా” అనేది. నేను గోడతో చెప్పేవాణ్ని: “వస్తానని చెప్పు.” గోడకూ విసుగు పుట్టేంతగా చెప్పాను.

టీకొట్టులో ఇంకో బాధ. మరునాడు ఈరన్న సగం గ్లాసు టీ ఇచ్చాడు.

“ఇదేమప్పా?” అన్నాను.

“నీ కొలతకు ఇది నిండు గ్లాసే తిరుమలప్పా!”

బెంచీ మీద ఉన్న వాళ్లంతా పడీపడీ నవ్వారు. నేను ఆ సగం తాగి లేచాను. నలభై ఏళ్లలో నా దుప్పటి ఒక్క అంగుళం కురచ అయిందని అన్నవాడు లేడు. ఇప్పుడు సగం గ్లాసు.

మూడో రోజు సాయంత్రం జవాబు రాయడానికి శ్రీదేవి మా ఇద్దర్నీ నెట్ సెంటరుకు తీసుకుపోయింది. సంచి, టేపు కూడా తెచ్చింది. నేను రానన్నాను. “నువ్వు లేకుంటే బాగుండదు మామా, క్షమాపణ నీ పేరు మీద పోతాది గదా” అంది. అందుకే పోయాను. నా పేరు మీద ఏం పోతుందో చూడాలి కదా.

హేమావతి కంప్యూటరు ముందు కూర్చుంది. శ్రీదేవి వెనక నిలబడి చెప్పింది. “రాయి. మా మామ ముసలాయన. చెయ్యి సరిగా లేదు. కొలత తప్పు చెప్పినాడు. మన్నించండి.”

హేమావతి ఇంగ్లీషులో టకటకా కొట్టింది. మేడమ్ తొంగి చూసి స్కేలుతో బల్ల మీద కొట్టింది. “గ్రాండ్‌ఫాదర్‌లో ‘డి’ యాడ పోయింది?”

హేమావతి ‘డి’ పెట్టింది. తర్వాత ఆగిపోయింది.

నాకు ఇంగ్లీషు రాదు. మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చెప్పింది తెలుగే. “ఏం రాసినావో తెలుగులో చదువు” అన్నాను. మూడు రోజుల తర్వాత ఆ పిల్లతో నేను నేరుగా అన్న మొదటి మాట అది.

“మా తాత...” అని మొదలుపెట్టింది. “మా తాత... చెయ్యి...”

కంప్యూటరు మీద చెరిపే మీట ఒకటుంటుంది. దాన్ని వేలితో నొక్కిపట్టింది. రాసిన అక్షరాలు వెనక నుంచి ఒక్కొక్కటే మాయమయ్యాయి. మేడమ్ కష్టపడి పెట్టించిన ‘డి’ కూడా పోయింది.

మళ్లీ కొట్టడం మొదలుపెట్టింది. శానాసేపు కొట్టింది.

“నాలుగు మాటలకు ఇంతసేపా?” అంది శ్రీదేవి.

హేమావతి లేచి నిలబడింది. “మేడమ్, మీరే చదవండి. నేను చదవలేను.”

జ్ఞానమణి మేడమ్ కళ్లద్దాలు సర్దుకుని తెలుగులో చదివింది.

“సంచి కొలిచింది నేను. నాకు పదకొండేళ్లు. టేపు కోసం ఇంటికి పోవడానికి బద్ధకమైంది. నా జానతో కొలిచాను. తాత చెప్పింది పెద్దోళ్ల జాన. తాత సంచిని చూడనే లేదు. అమ్మ అడిగితే తాత మీదికి తోసేశాను. మా అమ్మ కుట్టు మంచిది. నా లెక్క చెడ్డది. కొట్టు పేరు పాడుచేయొద్దండి.”



మేడమ్ అంది, “నాలుగు స్పెల్లింగులు తప్పు.” కానీ స్కేలు ముట్టుకోలేదు.

శ్రీదేవి కూతురి వైపు చూసింది. నా వైపు చూసింది. మళ్లీ కూతురి వైపు. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. టేపు తీసి హేమావతి చేతిలో పెట్టింది. “నీ జాన ఎంతో ఆయమ్మకు చూపీ. లేకుంటే నమ్మదు.”

హేమావతి స్కానరు మూత ఎత్తింది.

“ఏయ్! నా స్కానరు మీద చెయ్యా? కడుక్కోని రా ముందు!” అని మేడమ్ అరిచింది.

కడుక్కుని వచ్చి, అద్దం మీద చెయ్యి పరిచి పక్కన టేపు పెట్టింది. ఆరున్నర. అరచేతిలో సిరా మచ్చతో సహా బొమ్మ బెంగుళూరికి పోయింది.

మరునాడు జవాబు వచ్చింది. రెండే వాక్యాలు. “చెయ్యి చూశాం. ఇరవై ఎనిమిదిలోపు పంపండి, ఈసారి టేపుతో.”

శ్రీదేవి మళ్లీ మిషన్ ఎక్కింది. ప్రతి సంచీ హేమావతి దగ్గర ఆగేది. బడి నుంచి రాగానే టేపు పరిచి కొలిచేది. ఒక సంచి అర అంగుళం తక్కువ వస్తే “అమ్మా, ఇది విప్పాల” అంది. శ్రీదేవి నొసలు కొట్టుకుంది, కానీ విప్పింది. ఇరవై ఆరుకే పార్శిలు చేరింది. సైటులో ఎవరూ చెడ్డమాట రాయలేదు.

కానీ టీకొట్టులో వాళ్లు మెయిల్ చదవరు కదా. వాళ్ల లెక్కలో దోషిని ఇంకా నేనే.

ఆ శనివారం బడి వదిలాక హేమావతి నేరుగా కొట్టు దగ్గరికి వచ్చింది. నడిచి వచ్చింది. బెంచీ మీద నేను, ఇంకో నలుగురు ఉన్నాం.

“ఈరన్న తాతా, తప్పు కొలిచింది మా తాత కాదు. నేను.”

పంపు స్టవ్వు హోరున మండుతోంది. “ఏమి పాపా? వినపడల్యా” అన్నాడు ఈరన్న.

పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. ఊపిరి తీసుకుని బెంచీ వైపు తిరిగింది. వీధంతా వినేట్టు చెప్పింది.

“సంచి కొలిచింది నేను! అబద్ధం చెప్పింది గూడా నేనే! మా తాత ఏ తప్పూ చేయల్యా!”

డోన్ నుంచి వచ్చిన లారీ డ్రైవరొకడు బెంచీ చివర బన్ను తింటున్నాడు. అతనికి ఈ సంగతి ముందూ తెలియదు, వెనకా తెలియదు. భయపడి “సరే పాపా” అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఈరన్న స్టవ్వు మంట తగ్గించి నా వైపు తిరిగాడు.

“ఏమప్పా తిరుమలప్పా, మనవరాలు నలుగురిలో ఒప్పుకునె. నువ్వేమంటావు?”

బెంచీ మీద కొంచెం జరిగాను. ఆ పిల్ల వచ్చి కూర్చుంది.

ఆ తర్వాత ఇంట్లో గానీ, వీధిలో గానీ ఈ విషయం నేను ఎత్తలేదు. ఇప్పుడు చెప్పింది మొదటిసారి. చివరిసారి కూడా ఇదే. ఇంకెవరూ నన్ను అడగొద్దు. అడిగినా చెప్పను.