మడమలు ముందు

మా వీధిలోని పాత మేడకి చెడ్డపేరుంది. కోట చూడ్డానికి ఊరు వచ్చేవాళ్ళకి అందులో గదులిస్తారు. ఎదురుగా లిఫ్టున్న కొత్త లాడ్జి. దాంట్లో అడిగేదానికి సగానికే ఇక్కడ మంచం, ఉతికిన దుప్పటి, వేడినీళ్ళు. అయినా సంచులు మోసుకుని గుమ్మందాకా వచ్చినవాళ్ళు వెనక్కి తిరుగుతున్నారు. మూలమీద టీకొట్టాయన నోరు ఊరుకుంటేగా!

"చవకే… కాదనను. కానీ రాత్రిళ్ళు మెట్లమీద అది దిగుతుంది. మీ ఇష్టం మరి."

ఇంటావిడ నాతో తేల్చి చెప్పేసింది. "ఈ నెల కూడా గదులు నిండకపోతే తాళం వేసి మా చెల్లెలి దగ్గరికి పోతాను. నీ దారి నువ్వు చూసుకో." ఆ మెట్ల కింద అరలోనే నా చాప, నా పెట్టె. నాకింకే దారి ఉంది?

టీకొట్టాయన చెప్పే కథ ఇదీ.

బట్టలమ్ముకునేవాడొకడు ఆ మేడలో దిగాడట. బయట తిని ఆలస్యంగా వచ్చాడు. లోపలంతా చీకటి…

చప్… చప్…

తలెత్తి చూశాడట. చెక్కమెట్లమీద తెల్లగా ఏదో… ఒక్కో మెట్టూ దిగుతోంది. ఆగుతోంది. అటూ ఇటూ ఊగుతోంది. మళ్ళీ దిగుతోంది.

దానికి తల లేదు.

ఫోను వెలిగించాడు. వెలుగు దాని పాదాలమీద పడింది —

మడమలు ముందు… వేళ్ళు వెనక!

కాలు దానంతటదే ముందుకి పడబోయింది. అప్పుడు ఆ తలలేనిది గుసగుసగా…

"అడుగు వెయ్యకు…"

వేశాడు. ఖంగుమని ఏదో మోగింది. చల్లగా, నల్లగా ఏదో అతని కాళ్ళని చుట్టేసింది. ఒకటే పరుగు! సంచి కోసం కూడా రాలేదట.

అబద్ధం. అన్నీ అబద్ధాలే. "వెయ్యకు" అని నేనెప్పుడన్నాను? "అడుగు వెయ్యకండి" అన్నాను!

అవును, నేనే. మెట్లు తుడిచేది నేను. వచ్చినవాళ్ళ కంటికి బకెట్టు కనపడకూడదని రాత్రిపూట తుడవమంది ఇంటావిడే. దీపం వేస్తే వాళ్ళ నిద్ర పాడవుతుందట. తుడిచినచోట కాలు పడకుండా వెనక్కి వెనక్కి దిగుతూ తుడుస్తాం. నడుం వంచితే కిందనుంచి చూసేవాడికి నా తెల్లచీర తప్ప తలెక్కడ కనిపిస్తుంది? పుట్టి బుద్ధెరిగి ఒక్క గది తుడిచినవాడైతే ఇది దెయ్యమనేవాడా? వాడు బకెట్టు తన్నేస్తే ఒలికిన మురికినీళ్ళు మళ్ళీ ఎత్తిపోసుకున్నదీ నేనే.

ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు. నాకు నలుగురిలో మాట రాదు.

నిన్న మాత్రం పట్టపగలే తుడిచాను. ఇంటావిడ ఏమన్నా అననీ అనుకున్నాను. మురికినీళ్ళు పారబోద్దామని బయటికొస్తే టీకొట్టు దగ్గర తల్లీకూతుళ్ళిద్దరు, పక్కన సంచులు. ఆయన అప్పుడే గొంతు తగ్గించాడు. "తల లేదమ్మా… మడమలు ముందు…"

ఒళ్ళు మండిపోయింది. తడిగుడ్డ ఆయన బల్ల ముందు వేసి, నడుం వంచి, వెనక్కి వెనక్కి తుడుచుకుంటూ పోయాను. నా మడమలు ఆయన చెప్పులకి తగిలేదాకా.

"చూడు బాబూ. ఇదేనా నువ్వు చెప్పే దెయ్యం?"

ఆయన గబుక్కున కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. కూతురు పకపకా నవ్వేసింది. తల్లి మాత్రం నవ్వలేదు. నా చేతుల వంక చూసి సంచి భుజాన వేసుకుంది.

"గది చూపించక్కా."

గుమ్మం దాటబోతుంటే నాకు గుర్తొచ్చింది. మెట్లింకా ఆరలేదు.

"అడుగు వెయ్యకండి!" అన్నాను.

గుసగుసగా కాదు. కొత్త లాడ్జి లిఫ్టులోకి కూడా వినపడేట్టు.