చెరపడం మరిచిన కార్డు

"మీ షాపులో అబద్ధాలు కూడా అమ్ముతారా?"

కౌంటర్ మీద టప్పున ఓ మెమరీ కార్డు పడింది. అది గోరంత ఉంది. పడేసిన అమ్మాయి కోపం మాత్రం కొండంత.

కెమెరా సామాన్ల షాపు నడిపే ఆ యువకుడు తలెత్తి చూశాడు. ఎదురుగా డ్రైవింగ్ స్కూల్ యూనిఫాంలో, వాన నీళ్ళు కారుతున్న జడతో ఆమె.

"ఏమైందండీ?"

"నేను పక్కన కూర్చుని డ్రైవింగ్ నేర్పిస్తుంటే ఎవడో బైకు మీదొచ్చి మా కారుని గుద్దేశాడు. పైగా తప్పు మాదేనన్నాడు. ముందు అద్దానికి డాష్‌క్యామ్ కెమెరా ఉందన్న ధీమాతో మా ఓనర్‌కి ఈ కార్డు చూపించాను. తీరా చూస్తే అన్నీ పాత వీడియోలే! అసలుది లేదు. ఇంకోసారి ఇలా జరిగితే టీచర్ ఉద్యోగం మర్చిపొమ్మన్నాడాయన."

అతను కార్డుని లాప్‌టాప్‌కి తగిలించాడు. చూస్తున్నకొద్దీ కనుబొమలు నుదుటి మీదికి పాకాయి.

"పైన రెండువందల యాభై ఆరు జీబీ అని రాసుంది. లోపల ఉన్నది ఎనిమిదే."

"ఎనిమిదా!"

"చెంబుకి బిందె అని పేరుపెట్టి అమ్మారు. నిండాక పోసిందంతా నేలపాలే. కెమెరాకి మాత్రం 'రాస్తున్నా, రాస్తున్నా' అని చెబుతూనే ఉంటుంది."

ఆమె లాప్‌టాప్ మీదికి వంగి చూసింది. ఇంత ముక్కలో అంత మోసమా!

"ఇంకో మాట. ఇది మా షాపులో కొన్నది కాదండీ. ఈ రకం మేం పెట్టనే పెట్టం."

ఆమె నాలుక కరుచుకుంది. "మీ షాపులోనే కొన్నానన్నాడే వాడు, గాడిద!"

"ఎవరు? తమ్ముడా?" అవసరానికి మించిన ఆసక్తితో అడిగాడతను.

"తమ్ముడే."

ఎందుకో అతనికి ఊపిరి తేలికపడింది.

"డాష్‌క్యామ్ కార్డుది గాడిద చాకిరీ అండీ. ఎండలో మాడుతూ రోజంతా రాయాలి, చెరపాలి, మళ్ళీ రాయాలి. ఫోటోల కోసం చేసిన కార్డు తట్టుకోలేదు. దీనికోసమే చేసినవి వేరే ఉంటాయి. అదైనా ముందు అంచుదాకా నింపి చూస్తాను. తర్వాత నా కారు కెమెరాలో కొన్నాళ్ళు తిప్పి అప్పుడిస్తాను."

"మరి అప్పటిదాకా నేను?"

"జాగ్రత్తగా నడిపించండి."

ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి అతను బిల్లు పుస్తకం బదులు టీ గ్లాసు మీద పెన్ను పెట్టాడు.

ఆ తర్వాత రోజూ క్లాసులవగానే ఆమె వచ్చేది. "మీ కార్డు పరీక్ష పాసయిందా?" అని వెక్కిరించేది. "మీ స్టూడెంట్లు పాసయ్యారా?" అని అతను ఎదురు ప్రశ్న వేసేవాడు. కార్డు ఎప్పుడో పాసయింది. ఇచ్చేస్తే ఆమె రావడం మానేస్తుందని అతనే దాన్ని తన కారు కెమెరాలోనే ఉంచి, చివరికి ఇక మనసొప్పక ఓ పొద్దున క్లాసుకి ముందే పిలిచి చేతిలో పెట్టాడు.

ఆమె వెళ్ళిన ఓ గంటకి, షాపులో వెనక కూర్చుని పార్సిళ్ళు విప్పుతున్న వాళ్ళమ్మ అడిగింది. "ఒరేయ్, నీ కారులోంచి తీసిన కార్డు చెరిపే ఇచ్చావా?"

అతను కొయ్యబారిపోయాడు.

ఎప్పుడూ చెరిపే ఇస్తాడు. ఈ ఒక్కసారి, ఆమె ఎదురుగా నిలబడి జడ వెనక్కి విసిరిన క్షణంలో, ఆ సంగతే మరిచాడు. ఆ కెమెరాకి మైకు ఉంది. నిన్న కారులో అమ్మతో తను అన్నవీ, అమ్మ తనని అన్నవీ అన్నీ అందులో ఉన్నాయి. "ఆ పిల్ల రాని రోజు షాపు తెరవబుద్ధి కాదమ్మా." "ఆ ముక్క ఆ పిల్లతోనే చెప్పరా, దద్దమ్మా!"

"అయిపోయాను!" అంటూ గొడుగైనా తీసుకోకుండా వానలో పరుగెత్తాడు.

మార్కెట్ వెనక ఖాళీ రోడ్డు మీద స్కూలు కారు కప్పలా గెంతుతోంది. స్టీరింగ్ దగ్గర రిటైరైన హెడ్మాస్టరు. పక్కన ఆమె. అతను అద్దం మీద దబదబా కొట్టాడు. మాస్టారు హడలిపోయారు. కారు ఆగిపోయింది.

"ఆ కార్డు ఇచ్చేయండి!" అన్నాడు రొప్పుతూ.

"ఏం? మంచిది కాదా?"

'కాదు' అంటే చాలు, గండం గట్టెక్కుతుంది. కానీ ఆమె మొహంలో రంగు పోయింది.

"ఇది కూడా అబద్ధమేనా?" అంది మెల్లగా. "మీ మాట నమ్మి, ఇక భయం లేదని పొద్దున్నే మా ఓనర్‌తో గొప్పగా చెప్పొచ్చాను."

అతని గొంతులో అబద్ధం అడ్డం తిరిగింది.

"కార్డు మంచిదేనండీ. ఇంతకన్నా నమ్మకమైంది నా దగ్గర లేదు. కాకపోతే... అందులో నా మాటలున్నాయి. మీ గురించి. చెరపడం మర్చిపోయాను. మీరు వినకముందే..."

"కొత్త కార్డు పెట్టగానే కెమెరాలో ఫార్మాట్ చేయాలని మీరేగా చెప్పారు?"

"చెప్పానా?"

"చెప్పారు. చేసేశాను. అందులో ఏమీ లేదు."

అతని మొహం చూసి మాస్టారికి జాలేసింది. తన గొడుగు కిటికీలోంచి బయటికి చాపి అతని నెత్తి మీద పట్టారు. అడక్కుండానే దొరికిన ఆ కాస్త నీడలో అతనికి ధైర్యం వచ్చినట్టయింది.

"ఏముంది అందులో?" ఆమె అడిగింది.

"ఏం లేదు."

"ఇందాకేగా ఉందన్నారు! చెబుతారా, క్లాసు కానివ్వమంటారా?"

"చెప్పు నాయనా," అన్నారు మాస్టారు. "నా గంట అయిపోతోంది."

"మీరు రాని రోజు నాకు షాపు తెరవబుద్ధి కాదండీ. కార్డు ఎప్పుడో పాసయింది. మీరు రావడం మానేస్తారని ఇవ్వలేదు. మీరంటే నాకు ఇష్టం."

మాస్టారు పట్టుకున్న గొడుగు పక్కకి ఒరిగిపోయింది. ఆమె చెంపలు కందిపోయాయి. చెయ్యి చాపి, అద్దానికున్న కెమెరా మీద ఓ బటన్ నొక్కింది.

అతను కిటికీలోకి వంగాడు. "ఆపేశారా?"

"ఆపడానికి కాదు," అందామె, అతని వైపు చూడకుండా. "యాక్సిడెంట్ జరిగితే ఆ వీడియో చెరిగిపోకుండా లాక్ చేసే బటన్ ఇది. దీనికీ మైకుంది. సాయంత్రం మీ మాటలు మా అమ్మకి వినిపించాలి. ముందు లోపలికి రండి, తడిసిపోతున్నారు."