చప్పుడు లేని పడవ

మే నెల సాయంత్రం, ఇక్కడ ఆకురాలే కాలం. మిల్డూరా దగ్గర మర్రే నది మీద కొత్త పడవ మెల్లగా సాగుతోంది. రెండు గట్ల మీదా ద్రాక్షతోటలే. కోతలు అయిపోయి, ఆకులు పసుపు తిరిగి, నీళ్లలో వాటి నీడలు కదలకుండా ఉన్నాయి.

నగర శివారు టార్నీట్ నుంచి ఆరు గంటలు కారులో వచ్చిన కళావతి శాలువా దగ్గరగా లాక్కుని కూర్చుంది. చక్రం దగ్గర బావ ద్వారకానాథ్. పక్కన అక్క కూతురు తన్మయి, పన్నెండేళ్లది. పడవలో ముగ్గురే. టూరిస్టులని ఎక్కించుకునే ముందు మనవాళ్లతో ఒక ట్రిప్ వేద్దామన్నాడు బావ. ఆ రోజు అక్క సీతాదేవి తిథి అని ఆయనకి గుర్తు లేదు. ఇంట్లో పోయినవాళ్ల తిథులన్నీ గుర్తుపెట్టుకునేది కళావతే. అందుకే వచ్చింది.

మూడేళ్ల క్రితం పాత డీజిల్ పడవ మీంచి అక్క ఈ నదిలోనే జారిపడింది. "ఇంజన్ హోరులో సీత కేక వినపడలేదు కళా," అని తల బాదుకుని ఏడ్చాడు బావ. అందరూ నమ్మారు. కళావతి నమ్మిందో లేదో ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం అక్క పడవ మీంచి రెండుసార్లు ఫోన్ చేసింది. కళావతి కట్ చేసి, 'పూజలో ఉన్నా' అని మెసేజ్ పెట్టింది. ఈ సంగతి మాత్రం ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

"ఎలక్ట్రిక్ మోటార్, పైన సోలార్. పొగ లేదు, హోరు లేదు. చేప తోకాడించినా వినపడుతుంది!" బావ గ్లాసులో కాస్త ఎర్ర వైన్ పోసి అందించాడు. "రుచి చూడు. తీర్థం అనుకో మరదలా, ఒక్క గుక్క!"

"మీరు కానివ్వండి బావగారూ."

ఆయన అటు తిరగగానే గ్లాసు పడవ బయటికి వంచేసింది. వైన్ బొటనవేలి మీదుగా కారి నదిలో పడింది. రెండో రకం పోశాడు. అదీ అంతే. మూడోదీ.

అప్పుడు చూసుకుంది తన చేతిని. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి, మూడుసార్లు... పోయినవాళ్లకి తర్పణం వదిలినట్టే. తిథి నాడు. నువ్వులూ నీళ్లూ అందాల్సిన అక్కకి మద్యం వదిలింది.

"రామ రామ..."

గట్టు మీద కాకటూ చిలకల గోల ఠక్కున ఆగిపోయింది. నీళ్ల మీంచి బురద వాసన లేచింది. దాని వెనకే తడిజుట్టు వాసన... కుంకుడుకాయ వాసన.

పడవ మలుపు తిరిగింది.

"ఏమండీ..."

నీళ్లలోంచి. పడవ పక్కనుంచే.

"డాడ్, హూ ఈజ్ దట్?" అంది తన్మయి.

"ఎవరూ లేరురా. ఇంజన్ చప్పుడు."

అన్నాక ఆయనే మోటార్ వైపు చూశాడు. ఈ పడవకి చప్పుడు లేదు.

"ఏమండీ... చెయ్యివ్వండి."

కళావతి గొంతు పెంచలేదు. "బావగారూ, ఆ రోజు వినపడింది కదూ?"

ఆయన చక్రం వదిలేశాడు. "ఇంత దగ్గరనించే పిలిచింది... నేనే... వెనక్కి చూడలేదు."

మోటార్ ఆగింది. ఎవరూ ఆపలేదు. ఎవరో అంచు పట్టుకుని వేలాడినట్టు పడవ ఒక పక్కకి ఒరిగింది.

"చెయ్యివ్వండి."

"ఆఁ... వస్తున్నా," అన్నాడు ద్వారకానాథ్, అన్నేళ్లూ ఇంట్లో పలికినట్టే. లేచాడు. వంగాడు. చెయ్యి చాచాడు.

కళావతి చెయ్యి చాస్తే ఆయన చొక్కా అందేది.

చాచలేదు.

ఆయన నీళ్లలోకి జారినా చప్పుడు కాలేదు. ఒక్క బుడగ కూడా పైకి రాలేదు. పడవ మళ్లీ సమంగా నిలిచింది.

తన్మయి కెవ్వుమంది. అప్పుడు కళావతి పరుగున వెళ్లి గాలి ట్యూబు విసిరింది. అది ఒంటరిగా తేలుతూ ఉండిపోయింది. పిల్లని గుండెలకి అదుముకుని, కళ్లు మూసుకుంది.

"కేశవాయ నమః... నారాయణాయ నమః... మాధవాయ..."

పాదాల కింద, పడవ అడుగున, గోళ్లతో గీకిన చప్పుడు. తర్వాత ఎంతో ప్రేమగా...

"కళా... పూజ అయిందా?"