ఆరువందల నలభయ్యో రాయి దగ్గర

మా బాబళ్‌వాడి చెరువు కట్ట మీద, ఆరువందల నలభై అని రాసిన రాయి దగ్గర రాత్రిపూట ఎవరూ నడవరు. అక్కడ దిమ్మిస మోత వినిపిస్తుంది — ధబ్… ధబ్… కరువు పనుల్లో మట్టి మోస్తూ చచ్చిపోయిన ఆడకూలీ ఇంకా పనికి వస్తోందని చెప్పుకుంటారు. మా గయత్త అమావాస్య అమావాస్యకీ అక్కడ జొన్నరొట్టె, ఉల్లిపాయ పెట్టి వచ్చేది. తెల్లారేసరికి ఆకు ఖాళీ.

అత్త మొగుడు, మా సోపాన్ మామ, ఆ కట్టకి తూము కాపలాదారు. ఇది ఆయన నోట విన్నదే.

ఆ ఏడు ఎడ్ల పండగ పోళా ముందు మూడు రోజులు తెరిపిలేని వాన. నీళ్లెంత పెరిగాయో చూడాలి. కొలబద్ద ఆ రాయి దాటాకే ఉంది. మామ లాంతరు పట్టుకుని బయల్దేరాడు.

ధబ్…

మామ ఆగాడు. విఠోబాని తలుచుకుంటూ నాలుగడుగులు వేసి లాంతరు ఎత్తాడు.

చొక్కా లేని మనిషి… రెండు చేతులా దిమ్మిస ఎత్తి కట్టను కొడుతున్నాడు. ధోండిబా. కట్ట కట్టినప్పుడు రోలరు నడిపినవాడు, మామకి ప్రాణస్నేహితుడు.

మామకి నవ్వొచ్చింది. “ఓరి ధోండ్యా, మా ఆవిడ రొట్టెలు మింగే దెయ్యానివి నువ్వేనా?”

ధోండిబా నవ్వలేదు. “పొరపొరకీ రోలరు పన్నెండుసార్లు తిప్పాలి దాదా… వానలు ముంచుకొస్తున్నాయి, నాలుగు చాలన్నాడు కంట్రాక్టరు. పరీక్షకి మట్టి మాత్రం బాగా తొక్కిన చోట తీసిచ్చాం.”

“నాలుగుసార్లు తొక్కింది ఎక్కడ?”

“ఇక్కడే. ముప్పై అడుగుల కింద.”

ముప్పై అడుగుల లోతున గుల్లగా వదిలేసిన మట్టిని పైనుంచి దిమ్మిసతో గట్టిచేస్తాడట. అది అయ్యే పని కాదని వాడికీ తెలుసు. ఆరేళ్లుగా కొడుతూనే ఉన్నాడు.

మామ కట్ట దిగువకి చూశాడు. కట్ట కింద చౌకలో నేల ఉంది, కొనుక్కోమని మామని పోరింది వీడే. కొండలాంటి కట్ట అని ఒట్టేసింది వీడే. ఆ ఇంట్లో ఇప్పుడు గయత్త, పిల్లలు పడుకుని ఉన్నారు.

“మరి నన్నెందుకు కట్టుకోమన్నావురా అక్కడ?”

ధోండిబా గొణిగాడు… “కాపలావాడే కట్ట కింద ఉంటే ఊళ్లో ఎవరికీ అనుమానం రాదని… కంట్రాక్టరు చెప్పమన్నాడు.”

మామని చూసి ఆ పక్కన ఇళ్లు కట్టుకున్నవాళ్లు పదిహేడు మంది. మామ పరుగున కట్ట దిగి, తన ఇల్లు లేపి, ఒక్కో తలుపూ కొట్టుకుంటూ వచ్చాడు. మా తలుపు ఆఖరున కొట్టాడు. మా అమ్మ ఆయన సొంత చెల్లెలు.

అమ్మ అంతా విని మెల్లగా అంది — “నీ ఇల్లు చూసే కదన్నా మేం కట్టుకున్నాం.”

కట్ట ఆ రాత్రి తెగలేదు. దీపావళికి, అన్నాచెల్లెళ్ల పండగ భావుబీజ్ రోజున అన్నకి హారతివ్వడం మాత్రం మా అమ్మ ఆ ఏటి నుంచి మానేసింది.