హెరాన్ సరస్సు దగ్గర పరాయి తాళం

మోడెస్టో ఊళ్ళో డిటెక్టివ్ బ్రాంట్ ఆఫీసులో కూర్చుని వెల్మా ఓస్టర్‌గార్డ్ తన గోడు చెప్పుకుంది. జూన్ మొదట్లో హెరాన్ సరస్సు దగ్గరి తన క్యాబిన్ తెరుద్దామని కొండెక్కితే తలుపుకి ఎవరిదో తాళం వేలాడుతోంది. భర్త పోయాక ఆ ముసలావిడకి మిగిలిన సుఖమల్లా వేసవిలో ఆ రెండు గదుల్లో గడపడమే.

తాళం వేసింది పక్క క్యాబిన్ ఆర్లో టింగ్లీ. క్యాబిన్ యజమానుల సంఘానికి అధ్యక్షుడు. ఆయన చెప్పేదేమిటంటే, కిందటి ఆగస్టులో వెల్మా కూలివాళ్ళని పెట్టి రెండిళ్ళ మధ్యనున్న పచ్చటి పైన్ చెట్టుని కొట్టించిందట. తప్పు చేసినవాళ్ళ ఇల్లు స్వాధీనం చేసుకునే అధికారం రాష్ట్ర చట్టం సంఘానికి ఇచ్చిందట.

"నేను సెప్టెంబరులో కిందికి దిగేటప్పుడు చెట్టు నిక్షేపంగా ఉంది నాయనా. అడవి ఆఫీసరమ్మ కూడా ఆయన మాటే నమ్మితే అక్కడ క్యాబిన్ ఉంచుకునే నా పర్మిట్ పోతుంది. ఇంక వేసవిలో నేనెక్కడికి వెళ్ళను?" అందావిడ.

బ్రాంట్ ముక్తసరిగా మాట్లాడే మనిషి. ఆయన అసిస్టెంట్ రూబీ మాత్రం ఆయన దగ్గినా అందులో ఏదో ఆధారం ఉందనుకునే రకం. మర్నాడే ఇద్దరూ ఆవిడతో కొండెక్కారు.

చెట్టు మొద్దు బ్రాంట్ ఛాతీ దాకా ఉంది. ఆయన దానిమీద మోచేయి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. ఎంత బద్ధకస్తుడైనా చెట్టుని వంగి మొదట్లో కోస్తాడు కదా అని మాత్రం అన్నాడు.

టింగ్లీ వచ్చి వెల్మా క్యాబిన్ తాళం తీసి లోపల చూపించాడు. గుప్పున ఎలుకల కంపు. పరుపు కొరికి పెట్టాయి. ఎనిమిది నెలలు మూసి ఉంచితే ఆ కొండల్లో ఏ క్యాబిన్ అయినా అంతే, అందులో వింతేమీ లేదు. తర్వాత ఆయన వాళ్ళని తన క్యాబిన్‌కి పిలిచి కాఫీ ఇచ్చాడు. తను వచ్చి నాలుగు రోజులే అయిందన్నాడు. చట్టం గురించి చెబుతూనే ఉన్నాడు, వాళ్ళు లేస్తుంటే మళ్ళీ కాఫీ పోశాడు. పొయ్యి పక్కన బలిసిన పిల్లి ఒకటి నిద్రపోతోంది. పాపం, మాటలకి మొహంవాచిన మనిషి అనిపించింది రూబీకి.

మర్నాడు పొద్దున్న బ్రాంట్ అందర్నీ వెల్మా వరండాలో కూర్చోబెట్టాడు. టింగ్లీ, నలుగురైదుగురు క్యాబిన్‌వాళ్ళు, అటవీశాఖ ఆఫీసరు నదీన్ సోటో వచ్చారు.

"ముందు తాళం సంగతి. టింగ్లీ గారూ, మీ సంఘంలో ఎవరికైనా ఇక్కడ గుప్పెడు మట్టి సొంతమా?" అన్నాడు బ్రాంట్.

"చట్టం ఉందిగా," అన్నాడు టింగ్లీ.

నేల కేంద్ర ప్రభుత్వానిదని, క్యాబిన్ ఒక్కటే కట్టుకున్నవాళ్ళదని, ఉండనిచ్చేదీ పొమ్మనేదీ పర్మిట్ ఇచ్చిన అటవీశాఖేనని బ్రాంట్ వివరించాడు. ఇళ్ళతోపాటు నేల కూడా తమదైన కాలనీల కోసం రాసిన చట్టాన్ని టింగ్లీ కొండమీదికి మోసుకొచ్చాడు. ఇక్కడి సంఘం నీళ్ళ పైపు చూసుకోవడానికి పెట్టుకున్నది మాత్రమే. ఆఫీసరు అవునన్నట్టు తలూపింది.

"ఇక చెట్టు. ఆగస్టులో కోస్తే మొద్దు మోకాలి కిందే ఉండేది. కోసినవాడు మంచు మీద నిలబడ్డాడు. నాలుగడుగుల మంచు! అప్పుడు దారే ఉండదు. మోకాళ్ళ నొప్పులతో వెల్మా గారు కూలివాళ్ళని వెంటబెట్టుకుని ఎలా వస్తారు?"

"మరి ఎవరు?" అంది రూబీ, ఆగలేక.

"చలికాలమంతా ఇక్కడే ఉన్నవాడు. నాలుగైదు రోజుల క్రితం తెరిచిన క్యాబిన్‌లో ఎలుకల కంపు లేదేం, టింగ్లీ గారూ? పిల్లి అంత బలిసిందంటే ఏడాదంతా దానికి అక్కడ పనుంది."

టింగ్లీ తల వంచుకున్నాడు. వేసవి విడిదిని కాపురంగా మార్చుకుంటే పర్మిట్ రద్దవుతుందని అక్కడ అందరికీ తెలుసు.

"జనవరిలో కట్టెలు అయిపోయాయి," అన్నాడు చివరికి. "మంచులో మొద్దు పొట్టిగానే కనిపించింది. కరిగాక చూస్తే అంతెత్తుంది. అప్పటికే జనం వచ్చేశారు, రంపం పెడితే వినపడుతుంది. నాలుగేళ్ళ కిందట మా ఆవిడ పోయాక ఊళ్ళో ఇల్లు అమ్మేశాను, అప్పట్నుంచీ ఇక్కడే ఉంటున్నాను. నాకు ఇంకో ఇల్లు లేదు, వెల్మా. నీకుంది కదా, తప్పు నీమీద పడినా ఏం పోతుందిలే అనుకున్నాను."

మంచు పడేలోగా ఖాళీ చెయ్యాలని నదీన్ సోటో మెల్లిగా చెప్పింది. జనం ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. టింగ్లీ పరాయి తాళాన్ని జేబులో వేసుకుని తన క్యాబిన్‌కి నడిచాడు. కేసు ఇంత బాగా గెలిచినా రూబీకి సంతోషం కలగలేదు. మీకైనా సంతోషమేనా అని వెల్మాని అడిగింది.

వెల్మా పక్క క్యాబిన్ కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

"కింద మా ఇంట్లో చలికాలం నిద్ర పట్టదమ్మా. ఈ కొండ మీద ఒక్క మనిషి కూడా లేడు, నా క్యాబిన్ మంచులో ఒంటరిగా ఉంది అనుకుంటూ పడుకునేదాన్ని," అంది. "ఇన్నేళ్ళూ పక్కనే దీపం వెలుగుతోందన్నమాట. తెలిసుంటే కాస్త నిద్రపోయేదాన్ని. ఇకనుంచి నిజంగానే ఎవరూ ఉండరు."